విభజన చర్చలు, విసిగిపోయిన జనం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏం జరిగింది?

ఆంధ్రప్రదేశ్ విభజనపై 2009 డిసెంబర్ నుంచి 2014 ఫిబ్రవరి వరకు ఢిల్లీలో, హైదరాబాద్‌లో సాగిన రాజకీయ చర్చలు ఉత్తరాంధ్ర జనాన్ని ఎంతగా విసిగించాయో చెప్పాలంటే విజయనగరం కర్ఫ్యూ ఒక్కటి చాలు. సాధారణంగా గొడవలకు దూరంగా ఉండే ఊరది. సంగీత కళాశాల, కోట, పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగ, బాబామెట్ట మీద ఖాదర్ వలీ బాబా దర్గా... ఊరి పేరు చెబితే జనానికి గుర్తొచ్చేవి ఇవే. అలాంటి ఊళ్లో 2013 అక్టోబర్‌లో కనిపిస్తే కాల్చివేత ఉత్తర్వులు ఇచ్చారు.

ఈ తరం పిల్లలకు ఆ రోజులు పెద్దగా తెలియవు. అప్పుడు ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇచ్చిన మాటలు ఎంతవరకు వచ్చాయి, ముస్లిం కుటుంబాలకు అందులో ఏం తగిలింది అన్నది ఒకచోట చెప్పుకోవడం అవసరం.

వారం అంటే ఏడు రోజులు కాదట

2009 డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోం మంత్రి చిదంబరం తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. రెండు వారాలు తిరగకుండానే, డిసెంబర్ 23న, ఇంకా విస్తృతంగా సంప్రదింపులు జరగాలని ఇంకో ప్రకటన చేశారు. మొదటి ప్రకటనతో కోస్తా, రాయలసీమ భగ్గుమన్నాయి, రెండో ప్రకటనతో తెలంగాణ భగ్గుమంది. 2010 ఫిబ్రవరిలో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ వేశారు. ఆ కమిటీ జిల్లాలన్నీ తిరిగి, అందరి మాటా విని, 2010 డిసెంబర్ 30న నివేదిక ఇచ్చింది. అందులో ఒక్క సమాధానం కాదు, ఆరు మార్గాలు ఉన్నాయి. ఎవరికి నచ్చింది వారు చూపించుకున్నారు.

ఆ తర్వాత రెండేళ్లు ఏమీ తేల్లేదు. 2012 డిసెంబర్ 28న హోం మంత్రి షిండే అఖిలపక్షం పెట్టి నెల రోజుల్లో తేలుస్తామన్నారు. నెల అయ్యింది. అప్పుడు కాంగ్రెస్ నాయకుడు గులాం నబీ ఆజాద్ వారం అంటే ఏడు రోజులని, నెల అంటే ముప్పై రోజులని లెక్క వేసుకోవద్దన్నారు. రెండు ప్రాంతాల్లోనూ జనం ఆ మాటను ఇప్పటికీ మర్చిపోలేదు. తెలంగాణ కావాలన్నవాళ్లూ, వద్దన్నవాళ్లూ కలిసి కోప్పడిన సందర్భం బహుశా అదొక్కటే.

పార్టీలు కూడా తక్కువ తినలేదు. తెలుగుదేశం 2008లోనే తెలంగాణకు అనుకూలంగా లేఖ ఇచ్చింది, తర్వాత రెండు ప్రాంతాలూ రెండు కళ్లంది. వైఎస్సార్ కాంగ్రెస్ మొదట ఆర్టికల్ 3 ప్రకారం కేంద్రమే నిర్ణయించుకోవాలంది, తర్వాత సమైక్యమంది. కాంగ్రెస్ సంగతి ఇంకా విచిత్రం. ఢిల్లీలో విభజనకు సంతకం పెట్టిన పార్టీ తరఫునే హైదరాబాద్‌లో ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి విభజనను ఆపుతానని, ఆఖరి బంతి ఇంకా పడలేదని చెబుతూ వచ్చారు. ఎవరు ఏ వైపో సామాన్యుడికి అర్థం కాలేదు. సమైక్యం కావాలన్నవాళ్లకు అసలు కోపం విభజన మీద కంటే ఈ దాగుడుమూతల మీదేనని అప్పటి పరిణామాలు చూస్తే తెలుస్తుంది.

రంజాన్‌లో నిర్ణయం, బక్రీద్ ముందు కర్ఫ్యూ

2013 జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణ ఏర్పాటుకు తీర్మానం చేసింది. అది రంజాన్ నెల. ఈద్ అయిన మూడు రోజులకు, ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి, ఏపీ ఎన్జీవోలు సమ్మెకు దిగారు. ఆర్టీసీ బస్సులు ఆగిపోయాయి. టీచర్లు కూడా చేరడంతో సర్కారు స్కూళ్లు మూతపడ్డాయి. పని చేయకపోతే జీతం లేదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినా ఉద్యోగులు వెనక్కి తగ్గలేదు. సుమారు రెండు నెలలు ఇలాగే గడిచింది.

శ్రీకాకుళం, విజయనగరం లాంటి జిల్లాల్లో బస్సు లేదంటే బతుకు లేదు. పల్లె నుంచి టౌనుకు కూలికి వచ్చేవారు, చిన్న బండ్ల మీద బట్టలు, గాజులు, పండ్లు అమ్ముకునేవారు, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి పోవాల్సిన రోగులు, అందరూ ఆటోలకు, రైళ్లకు ఎదురుచూశారు. ఆ ఏడాది హజ్ కూడా అక్టోబర్ మధ్యలోనే పడింది. అప్పట్లో రాష్ట్రం మొత్తానికి హజ్ విమానాలు హైదరాబాద్ నుంచే. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ 700 కిలోమీటర్ల పైనే. ఉత్తరాంధ్ర హాజీలు బయలుదేరాల్సిన రోజులు సరిగ్గా ఈ సమ్మె రోజులే.

అక్టోబర్ 3న కేంద్ర మంత్రివర్గం తెలంగాణ ఏర్పాటుకు ఆమోదం తెలిపింది. మర్నాటి నుంచి విజయనగరంలో ఆందోళన అదుపు తప్పింది. అప్పటి పీసీసీ అధ్యక్షుడు, రవాణా మంత్రి బొత్స సత్యనారాయణది ఈ జిల్లానే. ఆయన భార్య ఝాన్సీలక్ష్మి విజయనగరం ఎంపీ. రాష్ట్రంలో పార్టీకి పెద్ద మన ఊరివాడే అయ్యుండి ఢిల్లీకి అడ్డం పడలేదన్నది జనం కోపం. ఆయనకు, ఆయన బంధువులకు చెందినవిగా చెప్పే ఆస్తుల మీద దాడులు జరిగాయి. పోలీసులు లాఠీలు, బాష్పవాయువు వాడారు. అక్టోబర్ 5న కర్ఫ్యూ పెట్టారు. తర్వాత రోజుకు కొన్ని గంటల చొప్పున సడలిస్తూ వచ్చారు. ఆ గంటల్లోనే పాలు, కూరగాయలు, మందులు తెచ్చుకోవాలి.

ఇదే సమయంలో, అక్టోబర్ 6 నుంచి, విద్యుత్ ఉద్యోగులు సమ్మె చేశారు. కోస్తా జిల్లాలు చీకట్లో ఉన్నాయి, రైళ్లు నిలిచిపోయాయి, ఆసుపత్రులు జనరేటర్ల మీద నడిచాయి. అంతలో ఫైలిన్ తుఫాను వస్తోందని హెచ్చరిక. అక్టోబర్ 10న ముఖ్యమంత్రితో మాట్లాడి విద్యుత్ ఉద్యోగులు సమ్మె విరమించారు. ఆర్టీసీ కూడా ఆ వెంటనే రోడ్డెక్కింది. నాలుగేళ్ల చర్చలు చేయలేని పనిని ఒక తుఫాను రెండు రోజుల్లో చేసిందన్నమాట. అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ ఒడిశాలోని గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట కొబ్బరి తోటలు దెబ్బతిన్నాయి. సమైక్యాంధ్ర జెండాలు పట్టుకున్న చేతులే కూలిన చెట్లు తొలగించాయి. నాలుగు రోజులకు బక్రీద్.

రాజీనామాలు, స్పీకర్ ఫార్మాట్

ఆ రోజుల్లో జనానికి కొత్తగా తెలిసిన మాట ‘స్పీకర్ ఫార్మాట్’. రాజీనామా చేశామని నాయకులు ప్రకటించేవారు. అది సరైన ఫార్మాట్‌లో లేదని తర్వాత తేలేది. ఈ ప్రాంతం నుంచి కేంద్రంలో మంత్రులకు కొదవ లేదు. శ్రీకాకుళం ఎంపీ కిల్లి కృపారాణి, అరకు ఎంపీ కిశోర్ చంద్రదేవ్ ఇద్దరూ అప్పుడు కేంద్ర మంత్రులే. అయినా చర్చల బల్ల దగ్గర ఉత్తరాంధ్ర పేరుతో ఏం అడిగారు అంటే జవాబు దొరకదు. అక్టోబర్‌లో వేసిన మంత్రుల బృందంలో షిండే, ఆంటోనీ, చిదంబరం, ఆజాద్, మొయిలీ, జైరాం రమేశ్, నారాయణసామి ఉన్నారు. ఈ ఏడుగురిలో తెలుగు ప్రాంతం నుంచి ఎన్నికైనది జైరాం రమేశ్ ఒక్కరే, అదీ రాజ్యసభకు. ఈమెయిల్‌లో సలహాలు పంపమని జనాన్ని అడిగారు. వేలల్లో వెళ్లాయి.

బిల్లు 2013 డిసెంబర్‌లో అసెంబ్లీకి వచ్చింది. రాష్ట్రపతి గడువు జనవరి 23 వరకు ఇచ్చి, మళ్లీ ఒక వారం పొడిగించారు. 2014 జనవరి 30న అసెంబ్లీ మూజువాణి ఓటుతో దాన్ని తిరస్కరించింది. ఆర్టికల్ 3 ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం వినాలి, అంతే. దానికి కట్టుబడాల్సిన పని పార్లమెంటుకు లేదు. ఈ సంగతి చట్టం తెలిసిన నాయకులందరికీ మొదటి నుంచీ తెలుసు. ఓటుతో బిల్లు ఆగిపోతుందని జనానికి ఆశ పెట్టడం మాత్రం అన్యాయమే.

ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే, 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి తలుపులు మూసిన సభలో ఆమోదం, 20న రాజ్యసభలో ఆమోదం. ఆ రోజే ప్రధాని మన్మోహన్ సింగ్ కొత్త ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్ల ప్రత్యేక హోదా సహా ఆరు హామీలు చదివారు. చట్టంలో రాయలేదు, సభలో చెప్పారు. ఈ చిన్న తేడా ఎంత పెద్దదో తర్వాత తెలిసింది. జూన్ 2న రెండు రాష్ట్రాలు ఏర్పడ్డాయి.

ఎన్నికల్లో జనం లెక్క తేల్చారు. 175 అసెంబ్లీ స్థానాల్లో, 25 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. చీపురుపల్లిలో బొత్స ఓడిపోయారు. అయితే మరుసటి ఏడాది ఆయన పార్టీ మారి, 2019లో అదే చీపురుపల్లి నుంచి గెలిచి మళ్లీ మంత్రి అయ్యారు. జనం కోపం పార్టీ గుర్తు మీద నిలిచినంత కాలం మనిషి మీద నిలవలేదు.

బ్రిటన్‌లో కూడా ఇదే కథ, ఒక్క తేడాతో

పిల్లలు బ్రిటన్‌లో చదువుతున్న, పనిచేస్తున్న కుటుంబాలకు బ్రెగ్జిట్ గోల గుర్తుండే ఉంటుంది. 2016 జూన్ 23న అక్కడ ప్రజాభిప్రాయ సేకరణలో 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలన్నారు, 48.1 శాతం వద్దన్నారు. 2019 మార్చి 29 గడువు దాటిపోయింది, తర్వాత అక్టోబర్ 31 కూడా దాటిపోయింది. ప్రధాని థెరిసా మే తెచ్చిన ఒప్పందాన్ని 2019 జనవరిలో పార్లమెంటు 432-202 ఓట్లతో కొట్టేసింది. చివరికి 2020 జనవరి 31న బయటపడ్డారు. మూడున్నరేళ్లలో అక్కడి జనం కూడా ఉంటే ఉండండి, పోతే పోండి, ముందు తేల్చండి అనే దాకా వచ్చారు.

తేడా ఏమిటంటే అక్కడ మొదట జనాన్ని అడిగారు, తర్వాత నాయకులు తేల్చలేకపోయారు. ఇక్కడ జనాన్ని అడగనే లేదు. తెలంగాణ ఉద్యమానికి దశాబ్దాల చరిత్ర ఉంది. 1956 పెద్దమనుషుల ఒప్పందం అమలు కాలేదన్న బాధ, 1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాల పథకం, ఇవన్నీ ఉన్నాయి. ఆ బాధ నిజమే. కానీ విడిపోయేటప్పుడు మిగిలిన ఇంట్లో వెనకబడ్డ మూల గది ఎవరిదో చూడాల్సిన బాధ్యత పెద్దలది.

ఉత్తరాంధ్రకు ఇది కొత్తా కాదు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఈ శ్రీకాకుళం సర్కారును ఫ్రెంచివారికి రాసిచ్చాడు. 1766లో ఇంకో నిజాం ఇంగ్లీషువారికి ఇచ్చేశాడు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. ఎప్పుడూ సంతకాలు ఇంకో ఊళ్లోనే.

కాగితం మీద ఏం వచ్చింది, ఊళ్లోకి ఏం వచ్చింది

విభజన చట్టం 46వ సెక్షన్ రాయలసీమ, ఉత్తర కోస్తా వెనకబడ్డ ప్రాంతాలకు ప్రత్యేక ప్యాకేజీ ఇవ్వాలంది. బుందేల్‌ఖండ్ తరహాలో, ఒడిశాలోని కలహండి-బలంగీర్-కొరాపుట్ తరహాలో ఇస్తారని అందరూ ఆశించారు. వచ్చింది జిల్లాకు ఏటా 50 కోట్లు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, నాలుగు సీమ జిల్లాలు, కలిపి ఏడు జిల్లాలకు ఏటా 350 కోట్లు. మూడేళ్లు ఇచ్చారు. 2018 ఫిబ్రవరిలో నాలుగో విడత 350 కోట్లు ఖాతాలో పడి, తిరిగి వెనక్కి వెళ్లిపోయాయి. 50 కోట్లతో ఒక జిల్లా వలసలు ఆగుతాయా అని అడిగితే చిన్నపిల్లాడైనా జవాబు చెబుతాడు.

ప్రత్యేక హోదా బదులు 2016 సెప్టెంబర్‌లో అరుణ్ జైట్లీ ప్రత్యేక సాయం ప్రకటించారు. 2017 జనవరి 26న విశాఖ ఆర్కే బీచ్‌లో యువకులు నిరసనకు పిలుపునిస్తే పోలీసులు అడ్డుకున్నారు. 2018 మార్చిలో విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు కేంద్ర విమానయాన మంత్రి పదవి వదిలి బయటికొచ్చారు. జూలైలో అవిశ్వాస తీర్మానం 126-325తో వీగిపోయింది. 2024లో అదే విమానయాన శాఖ శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడికి వచ్చింది. పదవి వచ్చింది, హోదా రాలేదు.

గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరానికి దక్కింది. ముందు కొత్తవలస మండలం రెల్లి దగ్గర స్థలం అనుకున్నారు. తర్వాత మెంటాడ, దత్తిరాజేరు మండలాలకు మార్చారు. చట్టం 2014లో వస్తే, తరగతులు 2019లో తాత్కాలిక క్యాంపస్‌లో మొదలయ్యాయి, సొంత క్యాంపస్‌కు 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది.

రైల్వే జోన్ సంగతి మరీ విచిత్రం. ఆరు నెలల్లో పరిశీలించాలని చట్టం అంది. 2019 ఫిబ్రవరి 27న విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటించారు. ప్రధాని శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. వాల్తేరు డివిజన్‌లో కొంత భాగం ఉంచి విశాఖపట్నం డివిజన్ అని పేరు మార్చడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. పలాస వరకు కొత్త జోన్‌లోకి వచ్చింది. పలాస దాటాక సోంపేట, ఇచ్ఛాపురం మాత్రం ఒడిశా ఖుర్దా రోడ్ డివిజన్ కిందే. అక్కడివారు స్టేషన్‌లో ఒక రైలు ఆపమని అడగాలంటే భువనేశ్వర్ వైపు చూడాలి.

ముస్లిం కుటుంబాలకు తగిలింది ఏమిటి

2011 లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ముస్లింలు సుమారు 9.5 శాతం. విడిపోయాక తెలంగాణలో సుమారు 12.7, ఆంధ్రప్రదేశ్‌లో 7.3 శాతం. శ్రీకాకుళం, విజయనగరంలో నూటికి ఒక్కరు కూడా లేరు. శ్రీకాకుళం జుమ్మా మసీదు గోల్కొండ నవాబుల కాలం నాటిది. అంత పాత జమాత్ అయినా ఓట్ల లెక్కలో చాలా చిన్నది. చర్చల్లో మజ్లిస్ సమైక్య రాష్ట్రం కావాలని, లేదంటే రాయల-తెలంగాణ కావాలని అంది. ఆ రెండో మార్గంలో కర్నూలు, అనంతపురం ఉన్నాయి. ఉత్తరాంధ్ర ముస్లిం ఊసు ఎవరి కాగితంలోనూ లేదు.

వక్ఫ్ బోర్డు, హజ్ కమిటీ, ఉర్దూ అకాడమీ, మైనారిటీ ఆర్థిక సంస్థ అన్నీ హైదరాబాద్ నాంపల్లి చుట్టుపక్కలే ఉండేవి. కాగితం కోసం రాత్రి రైలెక్కి పొద్దున దిగే అలవాటు పెద్దవాళ్లకు ఉండేది. విభజనతో ఆఫీసులు, సిబ్బంది, రికార్డులు పంచుకోవాల్సి వచ్చింది. తొమ్మిదో షెడ్యూల్‌లో 91, పదో షెడ్యూల్‌లో 142 సంస్థలు చేరాయి. షీలా భిడే కమిటీ నివేదికలు ఇచ్చింది, ఉన్నత విద్యామండలి కేసులో 2016 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, 2024 జూలై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాద్ ప్రజాభవన్‌లో కూర్చున్నారు. కరెంటు బకాయిలే దాదాపు 6,756 కోట్ల పేచీ.

కొన్ని మేలు జరిగినవీ ఉన్నాయి, అవీ చెప్పుకోవాలి. కర్నూలులో 2016లో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. 2022లో ఉర్దూను రాష్ట్రం మొత్తానికి రెండో అధికార భాష చేశారు. చట్టం ప్రకారం శ్రీకాకుళం కూడా అందులో ఉంది. 2023లో మొదటిసారి గన్నవరం విమానాశ్రయం నుంచి హజ్ విమానాలు కదిలాయి. శ్రీకాకుళం నుంచి విజయవాడ సుమారు 450 కిలోమీటర్లు. హైదరాబాద్ కంటే దగ్గరే. కానీ అక్కడి నుంచి టికెట్ ధర హైదరాబాద్ కంటే చాలా ఎక్కువ పడటంతో ఆ ఏడు తేడాను రాష్ట్ర ప్రభుత్వం భరించాల్సి వచ్చింది. దరఖాస్తు పెట్టేటప్పుడు బయలుదేరే విమానాశ్రయం గడిలో ఏది రాస్తున్నారో, రెండు చోట్లా ఖర్చు ఎంతో చూసుకోవడం మంచిది.

చదువుల దగ్గర ఇంకో మార్పు. చట్టం 95వ సెక్షన్ ప్రకారం అడ్మిషన్ కోటాలు పదేళ్లు పాతవే సాగాయి. 2024 జూన్ 2తో ఆ పదేళ్లు, హైదరాబాద్ ఉమ్మడి రాజధాని గడువు రెండూ ముగిశాయి. తెలంగాణ 2025లో అన్‌రిజర్వ్‌డ్ 15 శాతం సీట్ల నిబంధన మార్చింది. అంటే హైదరాబాద్‌లో మామయ్య ఇంట్లో ఉండి అక్కడి కాలేజీలో చేరిపోదామనుకునే శ్రీకాకుళం అమ్మాయికి పాత దారి లేదు. తల్లిదండ్రులు స్థానికత నిబంధన ముందే చూసుకోవాలి. హైదరాబాద్‌లో సెంట్రింగ్, తాపీ పనులకు పోయిన ఉత్తరాంధ్ర వలస కుటుంబాల పిల్లలకైతే ఎక్కడ చదివారన్నదే స్థానికతను తేలుస్తుంది. చదువు సర్టిఫికెట్లు జాగ్రత్తగా దాచుకోవాలి.

పొరుగుతోనూ తెగని చర్చలు

తెలంగాణతో పంచాయితీ ఒకవైపు ఉండగా, ఒడిశాతో ఉన్నది ఇంకా పాతది. వంశధార నీటిని సగం సగం పంచుకోవాలని 1962లోనే అనుకున్నారు. 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పు వచ్చింది, 2021లో తుది తీర్పు కూడా నేరడి బ్యారేజీకి అనుకూలంగానే వచ్చింది. 2021 నవంబర్ 9న ముఖ్యమంత్రులు జగన్, నవీన్ పట్నాయక్ భువనేశ్వర్‌లో కలిసి నేరడి, ఝంఝావతి, కొటియా సమస్యలపై అధికారుల కమిటీ వేద్దామనుకున్నారు.

కొటియా అంటే సాలూరు కొండల మీద సరిహద్దు ఊళ్లు. రెండు రాష్ట్రాలూ మావంటే మావంటాయి. 1968లో సుప్రీంకోర్టుకు వెళ్లిన తగాదా ఇది. 2021లో అక్కడ ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెక్కింది.  ఆ ఊళ్లలో చాలామంది దగ్గర ఈ రోజుకీ రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నాయి.